శ్రీకాకుళంలో కొన్న లిస్బన్ ప్లాను: కాగితాల పని భేష్, దినచర్య దిద్దుకోవాలి

గడచిన దసరా సెలవుల్లో మా అమ్మానాన్నలను, నా భార్యను వెంటబెట్టుకుని పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వెళ్ళివచ్చాను. వీసా కాగితాలు, విమానం టిక్కెట్లు, హోటలు గదులు, ఏ పూట ఎక్కడికి వెళ్ళాలో ఎక్కడ తినాలో చెప్పే దినచర్య, ఈ నాలుగింటినీ శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రయాణ సేవా కార్యాలయంలో కలిపి కొన్నాం. ఇప్పుడు మన జిల్లాలోనూ, పక్కన విజయనగరంలోనూ ఇటువంటి సేవ ఇచ్చేవారు ఒకరిద్దరు కాదు. అందుకని ఆ కార్యాలయం పేరు పక్కనపెట్టి, మేము డబ్బిచ్చి తీసుకున్న దానిలో ఏ భాగం నిజంగా అక్కరకు వచ్చిందో, ఏ భాగాన్ని మేమే కొట్టివేసి తిరిగి రాసుకోవలసి వచ్చిందో వివరంగా చెబుతాను.

లిస్బనే ఎందుకని చాలామంది అడిగారు. మాది పలాస. మా నాన్నగారు ముప్పై ఏళ్ళు జీడిపిక్కల వ్యాపారం చేశారు. జీడిమామిడి మన నేల మొక్క కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి మన పడమటి తీరానికి తెచ్చిన చెట్టు అది. పచ్చిమిరపకాయ కూడా వారి ఓడల్లోనే వచ్చింది. మనం రోజూ పలికే అనాస, అలమర, మేస్త్రి అన్న మాటలు కూడా ఆ భాష నుంచి వచ్చినవే. ‘మన ఇంటికి అన్నం పెట్టిన చెట్టును తెచ్చినవాళ్ళ ఊరు ఒకసారి చూడాలి’ అని నాన్నగారు ఎప్పటినుంచో అంటుండేవారు. కార్యాలయంవారు మొదట పారిస్, స్విట్జర్లాండు కలిపిన గుంపు యాత్ర చూపించారు గానీ, ఒకే ఊరు, నాలుగు పూర్తి రోజులు చాలని మేము చెప్పాక, మారు మాట్లాడకుండా దానికి తగ్గట్టు లెక్క వేసి ఇచ్చారు. ఆ ఓపిక మెచ్చుకోదగినది.

వారి సేవలో అన్నిటికంటే విలువైనది వీసా కాగితాల పని. పోర్చుగల్‌తో పాటు యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు పెద్దవారికి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరుగు ప్రయాణం తరువాత కూడా మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు కావాలి. ఈ మాత్రం ఎవరైనా చదివి తెలుసుకోగలరు. మాకు తెలియనిది, వారు పట్టుకున్నది వేరే ఉంది. మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం మాత్రమే ఉంది, ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనుక ఉన్నాయి. మన ఇళ్ళలో ఇది ఎంత మామూలు సంగతో, పరాయి దేశపు కాగితాలు చూసేవారికి అంత అనుమానం కలిగించే సంగతి. కార్యాలయంలోని కుర్రాడు మూడు కాగితాలనూ బల్లమీద పక్కపక్కన పరచి, పెన్సిలుతో ఒక్కొక్క అక్షరం కింద గీత గీసి చూపించి, ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్టు రాయించి ఫైలులో పైనే పెట్టాడు. నాన్నగారి ఆదాయపు పన్ను రిటర్నులు, వ్యాపారం మానుకున్నాక ఇప్పుడు ఇంటి ఖర్చు ఎలా నడుస్తున్నదో చెప్పే ఉత్తరం కూడా అతడే సరిచూశాడు. హైదరాబాదులో వేలిముద్రలు ఇవ్వడానికి నలుగురికీ ఒకే రోజు, ఒకే పూట దొరికేలా చూశారు. పలాస నుంచి రాత్రి రైలెక్కి వెళ్ళి, పని ముగించుకుని, మరుసటి రాత్రికి తిరుగు రైలెక్కాం. ఈ ఒక్క పనికే అయితే వారు అడిగిన సొమ్ము ఇవ్వవచ్చు.

హోటలు విషయంలో మొదట తప్పటడుగు పడింది, కానీ అడగ్గానే సరిచేశారు. విమానాశ్రయం దగ్గర తక్కువ అద్దెకు దొరికిన గదులను ప్లానులో పెట్టారు. లిస్బన్ ఏడు కొండల ఊరని పేరు. అక్కడ పటంమీద మూడు వందల మీటర్లు కనిపించేది, కాలినడకన చూస్తే మెట్లమీద మెట్లుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేటప్పుడు గది అద్దెకంటే గది ఉన్న నేల ముఖ్యం. కొండల నడుమ చదునుగా ఉన్న భాగం బైషా, రోసియో చుట్టుపక్కల ప్రాంతం. అక్కడికే మార్చమని అడిగాం, తేడా అద్దె తప్ప అదనపు రుసుము తీసుకోకుండా మార్చారు. విమానాశ్రయంలోనే మెట్రో ఎరుపు లైను ఎక్కి, అలమేదాలో ఆకుపచ్చ లైనుకు మారితే రోసియోలో దిగవచ్చు. ఈ సంగతి ప్లానులో లేదు. దానికి బదులు టాక్సీ కూపను అమ్మబోయారు. సామాను తక్కువగా ఉంటే మెట్రో చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడి రవాణా కార్డు మనిషికి ఒకటి ఉండాలి, ఒకే కార్డుతో నలుగురు వెళ్ళడం కుదరదు.

ఇక దినచర్య. రంగుల కాగితంమీద ముచ్చటగా అచ్చువేసి ఇచ్చిన ఆ పట్టికను చూస్తే, దాన్ని తయారుచేసినవారు ఆ వీధుల్లో ఒక్క పూట కూడా నడిచి ఉండరని అనిపించింది. గురువారం సాయంత్రం దిగుతాం, ఆ రాత్రే తొమ్మిది గంటలకు ఫాడో అనే అక్కడి సంప్రదాయ సంగీతంతో భోజనం. అక్టోబరు మొదట్లో లిస్బన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, అక్కడ రాత్రి తొమ్మిదంటే మన ఒంటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. రెండు విమానాలు మారి వచ్చిన డెబ్బై ఏళ్ళ మనిషిని ఆ వేళలో కూర్చోబెట్టి పాట వినమనడం న్యాయం కాదు. శుక్రవారం ఒక్కరోజులో కోట, అల్ఫామా అనే పాత పేట, ట్రామ్, బైషా, నదీతీరం. శనివారం ఊరి బయటి సింట్రా, కాబో ద రోకా, కష్‌కైష్ మూడూ. ఆదివారం షాపింగు మాలు. సోమవారం బెలేం పేట, అక్కడి జెరోనిమోస్ మఠం.

ఈ చివరి మాట చదివి నేను ఆగిపోయాను. జెరోనిమోస్ మఠానికి సోమవారం సెలవు. లిస్బన్‌లో చూడదగినది ఒకటే చెప్పమంటే చాలామంది మొదట చెప్పే చోటు అది, దానికి వారు కేటాయించిన రోజు తలుపులు మూసి ఉండే రోజు. బయలుదేరడానికి వారం ముందు ఇది గమనించి ఫోన్ చేస్తే, ‘అక్కడికి వెళ్ళాక చూసుకోండి సార్, బయటి నుంచి ఫోటోలు బాగా వస్తాయి’ అన్నారు. ఈ జవాబు నన్ను నొప్పించింది. పలాస నుంచి లిస్బన్ దాకా వెళ్ళే మనిషి రెండోసారి వెళతాడన్న నమ్మకం లేదు. మళ్ళీ గట్టిగా చెప్పాక బెలేంను ఆదివారానికి మార్చారు, మాలు తీసేశారు. ఆ ఊళ్ళో కార్మో మఠానికేమో ఆదివారం సెలవు, కాబట్టి దాన్ని సోమవారానికి నేనే జరుపుకున్నాను. చూసే నాలుగు రోజుల్లో శని, ఆది, సోమవారాలు ఉన్నప్పుడు ఏ చోటు ఏ రోజు మూస్తారన్నది మొదట రాసుకుని, తరువాతే మిగతా పట్టిక వేయాలి.

శుక్రవారం మేము కోటను వదిలేశాం. 28వ నంబరు ట్రామును మాత్రం వదలలేదు. ప్లానులో పదకొండు గంటలకు రాశారు. ఆ వేళకు ట్రాము బయలుదేరే మార్తిమ్ మోనిజ్ దగ్గర వరుస చాలా పొడుగ్గా ఉంటుందని చదివి, ఎనిమిదికి ముందే వెళ్ళాం. 1930ల నాటి పసుపు రంగు ట్రాము, లోపల చెక్క కిటికీలు. అల్ఫామాలో కొన్ని మలుపుల దగ్గర గోడ ఎంత దగ్గరగా వస్తుందంటే, కిటికీలోంచి చెయ్యి చాపితే ఎవరి గుమ్మానికో తగులుతుంది. జేబుదొంగల బెడద ఉన్న ట్రామని అందరూ చెబుతారు కాబట్టి, నాన్నగారు పర్సును లోపలి బనీను జేబులో పెట్టుకుని కూర్చున్నారు. పోర్తాస్ దు సోల్ దగ్గర దిగి, ఎర్ర పెంకుల ఇళ్ళమీదుగా తేజో నదిని చూస్తూ గంటసేపు కదలలేదు. అక్కడి కాలిబాటలు సున్నపురాతి ముక్కలతో పరచినవి, తరతరాల నడకకు అద్దంలా నునుపెక్కాయి. చినుకు పడితే జారుతాయి. మా అమ్మ అరిగిన చెప్పులు మార్చి రబ్బరు అడుగున్న బూట్లు కొనుక్కుని రావడం ఎంత మంచిదైందో మొదటిరోజే తెలిసింది. ప్లానులో గొడుగు గురించి రాసినవారు చెప్పుల గురించి కూడా రాయాలి.

శనివారం సింట్రా ఒక్కటే చూశాం. రోసియో స్టేషను నుంచి రైల్లో దాదాపు నలభై నిమిషాలు. పేనా ప్యాలెస్ లోపలికి ఏ వేళకు టిక్కెట్టు తీసుకుంటే ఆ వేళకే వెళ్ళాలి. కార్యాలయంవారు టిక్కెట్లు ముందే కొని ఇచ్చారు, ఇది మంచి పని. లేకపోతే అక్కడ నిలబడి దొరికించుకోవడం కష్టం. కానీ తోట గేటు దగ్గరి నుంచి ప్యాలెస్ తలుపు దాకా మళ్ళీ ఎక్కుడు దారి ఉంటుందని వారికి తెలియదు. రైలు దిగే వేళకూ టిక్కెట్టు వేళకూ మధ్య వారు విడిచిన సమయం పడుచువారికి కూడా చాలదు. మేము రెండు రైళ్ళు ముందుగా బయలుదేరి గట్టెక్కాం. కాబో ద రోకా యూరప్ ఖండానికి పడమటి కొస అన్న మాట నిజమే గానీ, ఆ కొస కోసం సాయంత్రం బస్సుల వెంట పరుగెత్తి ఉంటే, సింట్రా తోటలో బెంచీమీద నాన్నగారు కునుకు తీసిన ఆ గంట మాకు దక్కేది కాదు.

ఆదివారం బెలేం. ఈ ఒక్క రోజుకోసం లిస్బన్ వెళ్ళవచ్చు. మాన్యుఎల్ రాజు కాలంలో, 16వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో మొదలైన కట్టడం జెరోనిమోస్ మఠం. ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారంపై వేసిన 5 శాతం సుంకంతో దాన్ని కట్టారు. ఆ మాట వినగానే నాన్నగారు స్తంభం చుట్టూ చెక్కిన తాళ్ళు, పగడపు కొమ్మలు, సముద్రపు గవ్వల మీద చెయ్యివేసి, ‘ఇదంతా మన మిరియాల డబ్బన్నమాట’ అన్నారు. చర్చిలోకి ఉచితంగా వెళ్ళవచ్చు, మఠం లోపలి వరండాలకు మాత్రం టిక్కెట్టు. రెంటికీ వేర్వేరు వరుసలుంటాయని ప్లానులో లేకపోవడంతో మేము ఇరవై నిమిషాలు తప్పుడు వరుసలో నిలబడ్డాం. చర్చి తలుపు దాటిన వెంటనే వాస్కో డ గామా సమాధి. 1497 జూలై 8న ఈ నదీతీరం నుంచే అతడు బయలుదేరాడు, మరుసటి ఏడు మే నెలలో కోళికోడు దగ్గర దిగాడు. కార్యాలయంవారి కాగితంలో అతడిని మహా నావికుడని రెండు వాక్యాల్లో పొగిడారు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించినవాడు కూడా అతడే. మన దేశం నుంచి వెళ్ళేవారికి ఇచ్చే కాగితంలో ఆ ఒక్క వాక్యం ఉండి తీరాలి. నాన్నగారికి ఇది నేను చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనకుండా, చేతులు వెనక్కి కట్టుకుని ఆ రాతిబొమ్మను చూస్తూ నిలబడ్డారు.

మఠానికి నాలుగడుగుల దూరంలో 1837 నుంచి నడుస్తున్న పాస్తేయిష్ ద బెలేం మిఠాయి దుకాణం ఉంది. గుడ్డు పచ్చసొన, పాలు, చక్కెరతో చేసిన మీగడను సన్నని పొరల పిండి గిన్నెలో పోసి, పైన అక్కడక్కడ నల్లగా మాడేదాకా కాలుస్తారు. 1834లో మఠాలు మూయించాక, అక్కడివారి వంట విధానం ఈ దుకాణానికి చేరిందని చెబుతారు. ఆ రోజుల్లో బట్టలకు గంజిలా పెట్టడానికి తెల్లసొన వాడేవారట, మిగిలిన పచ్చసొన ఇలా మిఠాయిల్లోకి వచ్చిందట. మా అమ్మ శనివారం గుడ్డు సహా నీచు ముట్టదు కాబట్టి, సింట్రాలో మేము తింటుంటే చూసి ఊరుకుంది. ఆదివారం ఇక్కడ రెండు తిన్నది. వేడివేడిగా పళ్ళెంలో పెట్టి, దాల్చినచెక్క పొడి, చక్కెర పొడి పొట్లాలు పక్కన ఇస్తారు. కొరికితే పైపొర మన కాజా పొరలా పెళపెళమంటుంది, లోపల జున్నుకంటే పలుచగా ఉంటుంది. బయట కొనుక్కుపోయేవారి వరుస చూసి జంకవద్దు. నీలి పెంకులు అంటించిన లోపలి గదుల్లో మాకు తొందరగానే చోటు దొరికింది.

భోజనాల విషయంలో కార్యాలయం మీద నా ఫిర్యాదు పెద్దది. ఫాడో రాత్రి పోగా మిగిలిన నాలుగు రాత్రులూ ఇండియన్ భోజనమే ప్లానులో పెట్టి, ముందే డబ్బు కట్టించుకున్నారు. ఫాడోను మరో రోజుకు జరిపాక, దిగిన రాత్రి పెద్దవారికి పప్పూ అన్నం దొరకడం మేలే, కాదనను. మిగతా రాత్రులు కూడా ఢిల్లీ తరహా పన్నీరు కూర తినడానికి అంత దూరం పోనక్కరలేదు. బియ్యం, చేప, మిరపకాయ తెలిసిన ఊరది. టమాటా అన్నంతో వేయించిన చేప అక్కడి చిన్న హోటళ్ళలో ఇంటి భోజనం లాంటిది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేపను వారు బకల్యావ్ అంటారు. ఆర్సెనాల్ వీధి దుకాణాల్లో పలకల్లా పేర్చి ఉంటే, నాన్నగారు వేలి కణుపుతో ఒక చేపను తట్టి చూసి, ‘భావనపాడు ఎండుచేపకంటే గట్టిగా ఉందిరా’ అన్నారు. దాన్ని ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఉప్పు తీసి వండుతారు. సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప, గుడ్డుతో కలిపి వేపుడులా చేసిన దాని పేరు బకల్యావ్ ఆ బ్రాష్. మొదటిసారి తినేవారు దానితోనే మొదలుపెట్టాలి. మనవారు కారం తక్కువని అనుకుంటే పిరిపిరి అనే మిరపకారం సీసా అడగాలి.

నీచు తినని రోజుకు కూడా దారి ఉంది, కానీ అడిగి తినాలి. కాల్దో వెర్దే అనే ఆకుకూర, బంగాళాదుంపల చారులో మామూలుగా పంది మాంసపు సాసేజి ముక్క వేస్తారు. బీన్స్ బజ్జీని పోలిన పెయిషీన్యుష్ ద ఓర్తా అన్న వంటకం పేరుకు ‘తోట చేపపిల్లలు’ అని అర్థం, అందులో చేప ఉండదు, పిండిలో గుడ్డు ఉంటుంది. ‘సేం కార్న్, సేం పెయిష్’ అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ఈ నాలుగు ముక్కలు ప్లాను కాగితం వెనుక అచ్చువేస్తే ఎంత మేలు! ఇంకొకటి: కూర్చోగానే అడగకుండానే రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు. అవి మర్యాదకు పెట్టినవి కావు, తింటే బిల్లులో వస్తాయి. వద్దంటే ఏమీ అనుకోకుండా తీసుకెళతారు. మొదటి మధ్యాహ్నం ఇది తెలియక నాలుగు గిన్నెలు ఖాళీ చేశాం.

ఫాడో భోజనాన్ని ఆదివారం రాత్రికి మార్చుకున్నాం. పాట మొదలయ్యే ముందు దీపాలు తగ్గించి, చెంచా చప్పుడు కూడా లేకుండా అందరూ నిశ్శబ్దమవుతారు. 2011లో యునెస్కో గుర్తించిన సంగీతం అది. పన్నెండు తీగల గిటారు పక్కన ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని పాడుతుంటే, మాటలు తెలియకపోయినా మా అమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది.

సోమవారం కార్మో మఠం. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ ఉదయం, చర్చిల్లో కొవ్వొత్తులు వెలుగుతుండగా భూకంపం వచ్చింది, తరువాత నది పొంగి ఊరిమీద పడింది, ఆపైన మంటలు రోజులపాటు ఆరలేదు. ఇప్పుడు మనం చూసే బైషా తిన్నని వీధులు ఆ తరువాత అప్పటి మంత్రి పొంబాల్ మార్క్విస్ ఆధ్వర్యంలో కట్టినవి. కార్మో కప్పును మాత్రం తిరిగి వేయలేదు. రాతి కమానులు ఆకాశం కింద పక్కటెముకల్లా నిలబడి ఉన్నాయి. కార్యాలయంవారి పట్టికలో ఈ చోటు లేనే లేదు. అమ్మ మధ్యలో నిలబడి పైకి చూసి, ‘తిత్లీ ఎళ్ళిపోయాక మన తోటలో కొబ్బరి మొండేలు ఇలాగే నిలబడ్డాయి కదరా’ అంది. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా ఉద్దానం ప్రాంతంలో ఉన్నవారికి ఆ పోలిక ఇంకొకరు వివరించనక్కరలేదు. మా తోటలో జీడిచెట్లు కూడా ఆ రాత్రే వేళ్ళతో సహా లేచిపోయాయి.

చివరగా డబ్బు లెక్క. లిస్బన్‌లో 13 ఏళ్ళు నిండిన ప్రతివారికీ రాత్రికి 4 యూరోల చొప్పున నగర పన్ను ఉంటుంది, హోటల్లో కట్టాలి. నలుగురికి ఐదు రాత్రులకు 80 యూరోలు అయింది. ‘అన్నీ కలిపి’ అని చెప్పి అమ్మిన ప్లానులో దీన్ని ముందుగా చెప్పకపోవడం తప్పు. మొదటి రాత్రి తప్ప మిగతా మూడు ఇండియన్ భోజనాలను బయలుదేరే ముందే రాతపూర్వకంగా రద్దు చేశాం. ఆ సొమ్ము ఇంకా తిరిగి రాలేదు. తిరిగివచ్చాక కార్యాలయానికి వెళ్ళి, మేము దిద్దిన పట్టికను ఆ కుర్రాడి చేతికే ఇచ్చాను. అతడు దాన్ని శ్రద్ధగా చదివి, జెరోనిమోస్ పక్కన ‘సోమవారం సెలవు’ అని, కార్మో పక్కన ‘ఆదివారం సెలవు’ అని తన కంప్యూటరులోని లిస్బన్ ఫైలులో నా ఎదుటే ఎక్కించాడు. భోజనాల సొమ్మును వచ్చే యాత్రలో సర్దుతామన్నారు. అది వద్దు, నాన్నగారి బ్యాంకు ఖాతాలో వేయమని రాసి ఇచ్చి వచ్చాను.